ఎనభై నాలుగో గీత

గ్యాస్ కట్టేశానో లేదో చూడటానికి ఆ ఆదివారం పొద్దున మూడోసారి వంటింట్లోకి వెళ్ళాను. కట్టే ఉంది. మొదటిసారి చూసినప్పుడూ కట్టే ఉంది, రెండోసారీ కట్టే ఉంది. కానీ హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చునేసరికి, నేను చూసింది ఇప్పుడా, నిన్ననా అని మళ్ళీ మొదలవుతుంది. పొయ్యి మీట అడ్డంగా ఉండటం కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది, ఆ కనిపించేది ఏ రోజుదో తేలదు. అత్తగారు సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని నవ్వారు.

"ఆర్పేసిన పొయ్యిని ఎన్నిసార్లు పలకరిస్తావమ్మాయ్? దానికీ విసుగొస్తుంది."

నేనూ నవ్వాను. నవ్వకపోతే ముఖం మాడ్చుకుందంటారు. ఇంట్లో నా పేరు డౌట్ల మహారాణి. మా ఆయన పెట్టారు ఆ పేరు, చుట్టాలందరూ ముచ్చటపడి వాడుకుంటున్నారు. తాళం వేశానా, నీళ్ళ ట్యాంకు మోటారు ఆపానా, అత్తగారికి బీపీ మాత్ర ఇచ్చానా, ఇచ్చిందే మళ్ళీ ఇవ్వబోతున్నానా? ఒక్కోసారి నా వయసు ఎంతో కూడా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటాను. పుట్టుకతోనే ఇలా ఉన్నాననుకుంటారు అందరూ. చాలాకాలంగా నేను కూడా అలాగే అనుకుంటున్నాను.

భోజనాల బల్ల మీద నూట పన్నెండు జవాబు పత్రాలున్నాయి. మా ఆయన్ని అందరూ లెక్కల మాష్టారు అంటారు. కింది అంతస్తులో ఆయన ట్యూషన్ సెంటరు, పైన మా కాపురం. ఏటా ప్రవేశ పరీక్ష పెట్టి నలభై మందినే చేర్చుకుంటారు. పరీక్ష పెట్టేది ఆయన, ప్రశ్నలు తయారుచేసేది నేను, పేపర్లు దిద్దేది నేను, 'దిద్దినవారి సంతకం' అన్న చోట వరసగా సంతకాలు గీకేది మళ్ళీ ఆయన. ఇది ఉద్యోగం కాదు కాబట్టి సెలవు లేదు. "ఇంట్లోనే కదా, ఖాళీగానే ఉన్నావుగా" అంటారు. ఆ ఖాళీలోనే వంట, బట్టలు, అత్తగారి ఆసుపత్రి, నూట పన్నెండు పేపర్లు అన్నీ సర్దుకుంటాయి. ఖాళీకి అంత చోటుంటుందని ఈ ఇంటికి వచ్చాకే తెలిసింది.

సాయంత్రం నాలుగింటికి ఎంపికైన పిల్లల జాబితాని కింది తలుపుకి అతికించాలి. నూట పదకొండు పేపర్లు ముందురోజే అయిపోయాయి. ఒక్కటే మిగిలింది, యాభై ఏడో నెంబరు. యాభై ఏడు చూడటానికి ప్రధాన సంఖ్యలా ఉంటుంది గానీ కాదు, మూడు పంతొమ్మిదులు. ఇలాంటివి నాకు ఇప్పటికీ అనుమానం లేకుండా తోచేస్తాయి, ఎందుకో. ఆ పేపరు గురించి మాష్టారు ముందే చెప్పారు.

"తమాషాగా ఉంటుంది చూడు. ఆ పిల్ల ఏకంగా బోర్డునే తప్పు పట్టింది. ఆఖరి ప్రశ్నకి సున్నా పెట్టు. తెలివి ఉంటే సరిపోదు, వినయం ఉండాలి."

బోర్డు గురించి చెప్పాలి. మా వీధి గుమ్మం మీద నీలం రంగు బోర్డు ఉంది. దాని మీద మనిషి చేయంత అంకెల్లో 999797 అని ఉంటుంది. కింద, 'దీన్ని ఎవరూ విడదీయలేరు. మా పునాదీ అంతే.' అంటే అది ప్రధాన సంఖ్య అన్నమాట. ఒకటీ, తనూ తప్ప మరే సంఖ్యతో భాగించినా ఎంతో కొంత శేషం మిగులుతుంది. ప్రవేశ పరీక్షలో ఆఖరి ప్రశ్న ప్రతి ఏడాదీ ఒకటే: 'మన బోర్డు మీది సంఖ్య గురించి రాయండి.' ఐదు మార్కులు. జవాబు మేము పంచే కరపత్రంలోనే ఉంటుంది. అది ప్రశ్న కాదు, దణ్ణం. లోపలికి వచ్చేముందు పిల్లలు పెట్టే దణ్ణం. పద్దెనిమిదేళ్ళుగా అందరూ పెడుతున్నారు. ఫోన్లో కొడితే నిజమో కాదో అర నిమిషంలో తేలిపోతుంది, కానీ గుమ్మం మీద రాసి ఉన్నదాన్ని ఫోన్లో ఎవరు కొడతారు?

యాభై ఏడో నెంబరు అమ్మాయి కొట్టలేదు, భాగించింది. చిన్న చిన్న గుండ్రటి అక్షరాలు. 999797 = 433 × 2309 అని రాసి కొట్టేసింది. దాని కింద 'ప్రధాన సంఖ్య' అని రాసి అదీ కొట్టేసింది. ఆ కింద మళ్ళీ 999797 = 433 × 2309 అని రాసి, పక్కన ఇలా రాసింది: 'క్షమించండి సార్. మళ్ళీ చూశాను. మళ్ళీ అదే వచ్చింది.'

మిగతా ప్రశ్నలన్నీ దిద్దితే అరవై ఒకటి వచ్చాయి. నలభయ్యో స్థానంలో ఉన్న పిల్లాడికి అరవై నాలుగు. ఆఖరి ప్రశ్నకి సున్నా పెడితే ఆ అమ్మాయి బయటే. ఐదు వేస్తే అరవై ఆరు, లోపల. నాకు పని సులువుగానే చెప్పారు, సున్నా పెట్టమన్నారు. ఎర్ర పెన్ను తీసి, గుండ్రంగా చుట్టబోయి, ఆగి, ఊరికే పేపరు అంచున భాగించి చూశాను. 433, 999లో రెండుసార్లు పోతుంది, మిగిలింది 133. ఏడు దించితే 1337, మూడుసార్లు, మిగిలింది 38. తొమ్మిది దించితే 389, పోదు, సున్నా. ఏడు దించితే 3897. తొమ్మిదిసార్లు. మిగిలింది ఏమీ లేదు.

"అమ్మాయ్, నా మాత్ర" అని అత్తగారు పిలిచారు. లేచి వెళ్ళి మాత్ర ఇచ్చి, నీళ్ళు ఇచ్చి, వచ్చి మళ్ళీ మొదలుపెడితే ఈసారి భాగఫలం 239 వచ్చింది. మధ్యలో సున్నా వేయడం మర్చిపోయాను కాబోలు. లేక మొదటిసారి లేని సున్నాని నేనే దూర్చానా? రెండు వందల ముప్పై తొమ్మిదా, రెండు వేల మూడు వందల తొమ్మిదా? కాలిక్యులేటరు తెచ్చి కొట్టాను. 2309. నేను కొట్టింది 999797నా, 999977నా? తప్పు కొట్టి ఉంటే ఇలా శేషం లేకుండా రాదు కదా అని అప్పుడు తోచలేదు. తిరగేసి గుణించాను, 433ని 2309తో. కాలిక్యులేటరు 999797 చూపించింది. నిజం చెప్తున్నాను, దాని బ్యాటరీ అయిపోవచ్చిందేమో అనుకున్నాను. యంత్రాన్నైనా అనుమానించగలను గానీ బోర్డుని అనుమానించలేకపోయాను. ఎందుకంటే ఆ బోర్డు వెనకాల ఉన్న లెక్క నాది.

పెళ్ళయిన ఆర్నెల్లకి మాష్టారు ఈ సెంటరు మొదలుపెట్టారు. గుమ్మం మీద ఒక పెద్ద ప్రధాన సంఖ్య ఉండాలని ఆయన కోరిక. తొమ్మిదులూ ఏడులూ తప్ప ఇంకో అంకె లేకుండా, పది లక్షలకి రెండు వందల మూడు తక్కువలో ఉన్న 999797 ఆయనకి తెగ నచ్చింది. "చూడ్డానికి దర్జాగా ఉంది. బేసి సంఖ్య, అయిదుతో పోదు. ఖాళీగానే ఉన్నావుగా, మిగతావాటితో కాస్త భాగించి పెట్టు" అన్నారు. ఆ కాస్త ఎంతో చెప్తాను. దాని వర్గమూలం వెయ్యికి వెంట్రుకవాసి తక్కువ. కాబట్టి వెయ్యిలోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ చూడాలి. అవి నూట అరవై ఎనిమిది. పొడుగు నోటుబుక్కులో పేజీకి ఇరవై ఎనిమిది గీతలు, ఆరు పేజీలు. గీతకో ప్రధాన సంఖ్య, దాని పక్కన శేషం, దాని పక్కన టిక్కు.

నేను లెక్కల్లో డిగ్రీ చదివినదాన్ని. ఆ పని నాకిచ్చినప్పుడు ఎంత సంతోషపడ్డానో చెప్పుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మొదటి రోజు పాలు కాగేలోపు ఏడు, పదకొండు, పదమూడు మూడిటినీ ఒక్క దెబ్బకి తేల్చేశాను. ఆ మూడిటినీ గుణిస్తే 1001 కాబట్టి, అంకెల్ని మూడేసిగా విడదీసి, 999లోంచి 797 తీసేస్తే 202. దానిలో ఏడూ పోదు, పదకొండూ పోదు, పదమూడూ పోదు. ఈ కిటుకు మాష్టారికి చెప్దామని పరిగెత్తాను. ఆయన షేవింగ్ చేసుకుంటూ "ఊఁ" అన్నారు. అంట్లు తోముతూ ఒకటి, బట్టలు ఆరేసి వచ్చి రెండు, కుక్కరు మూడో కూత వేసేలోపు ఇంకొకటి. అలా పదకొండు రోజులు పట్టింది. ఈ పదకొండు రోజుల కథని మాష్టారు ఏటా కొత్త పిల్లలకి చెప్తారు. "నిద్రాహారాలు మాని నూట అరవై ఎనిమిది సార్లు భాగించాను" అంటారు. నేను పక్కనే నిలబడి పిల్లలకి బిస్కెట్లు పంచుతూ వింటాను. ఎన్నోసార్లు విన్నాక, ఆయన భాగించినట్టూ నేను వండిపెట్టినట్టూ నాకే గుర్తుకు రావడం మొదలైంది.

433 ఎనభై నాలుగో ప్రధాన సంఖ్య. నూట అరవై ఎనిమిదిలో సరిగ్గా సగం. అంటే నా నోటుబుక్కులో మూడో పేజీ ఆఖరి గీత. సరిగ్గా ఆ గీత దగ్గరే ఎవరో పిలిచి ఉంటారు. లేచి వెళ్ళి, వచ్చి, అయిపోయిందనుకుని టిక్కు పెట్టేసి పేజీ తిప్పేసి ఉంటాను. అంతే అయి ఉంటుంది. నేను గ్యాస్ కట్టానో లేదో తెలియని మనిషిని. నా పరధ్యానం పద్దెనిమిదేళ్ళుగా వీధి గుమ్మం మీద నీలం రంగులో వేలాడుతోంది.

మాష్టారు భోజనానికి పైకి వచ్చినప్పుడు కంచం పెట్టి, కూర వడ్డించి, మెల్లగా కదిపాను.

"ఏమండీ, ఆ యాభై ఏడో నెంబరు పేపరు... 433తో నిజంగానే పోతున్నట్టుంది."

"పోతోందా, పోతున్నట్టుందా?"

"పోతోంది... అనుకుంటా. కాలిక్యులేటర్లో కూడా..."

ఆయన అత్తగారి వైపు చూసి నవ్వారు. "విన్నావా అమ్మా? పొయ్యి ఆరిందో లేదో తెలియని మనిషి 433 సంగతి చెప్తోంది."

అత్తగారు నవ్వుతూనే "పోనీలేరా, పాపం, కూర బాగా వండింది" అన్నారు.

నేను ఊరుకోవలసింది. ఎందుకో ఊరుకోలేదు. "ఒక్కసారి మీరు చూస్తే..."

ఆయన నవ్వు ఆగింది. "నేనెందుకు చూడాలి? అప్పుడు భాగించింది నువ్వేగా. అందులో తప్పుంటే అది నీ తప్పు. దాన్ని ఇప్పుడు ఊరంతా చాటింపు వేయించి నా పరువు తీస్తావా? ఆ పిల్లకి సున్నా పెట్టి జాబితా తయారు చెయ్యి. నాలుక్కి సంతకం పెడతాను."

ఆయన కంచంలో మజ్జిగ పోశాను. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఆ పదకొండు రోజులూ నావయ్యాయి. తప్పు ఉందని తేలాక అయ్యాయి. కోపం రావాలి కదా? రాలేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియని సామానులా ఆ మాట అటూ ఇటూ మోశాను. తప్పు నాదే అయితే ఆయనన్నది న్యాయమే కదా. నా తప్పుకి ఆ అమ్మాయి సీటు పోవడం న్యాయమా? ఆ అమ్మాయిదే తప్పయితే? నా లెక్క తప్పై, కాలిక్యులేటరు తప్పై, బోర్డు ఒక్కటే ఒప్పయితే? అంట్లు తోముతూ మూడుసార్లు 'పెట్టేద్దాం సున్నా' అనుకున్నాను. మూడుసార్లు చెయ్యి తుడుచుకుని బల్ల దాకా వెళ్ళి వచ్చాను.

మూడు గంటలకి గంట మోగింది. మెట్ల కింద ఒక అమ్మాయి సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. పదిహేనేళ్ళుంటాయి. జడ సగం విడిపోయి ఉంది.

"జాబితా నాలుక్కి కదమ్మా" అన్నాను.

"తెలుసు ఆంటీ. సార్‌ని ఒక్క మాట అడగాలి. నాది యాభై ఏడో నెంబరు."

మాష్టారు తలుపేసుకుని పెద్ద క్లాసుకి పాఠం చెప్తున్నారు, ఆయన గొంతు గోడ అవతల నుంచి వినిపిస్తూనే ఉంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. "నాకు చెప్పు" అన్నాను.

"నేను తప్పు చేశానేమో అనిపిస్తోంది ఆంటీ. పరీక్షలో సార్ నా వెనక నిలబడి చూశారు. 'మళ్ళీ చూసుకోమ్మా' అన్నారు. కోపంగా కాదు, మంచిగానే. తల మీద చెయ్యి పెట్టి మరీ చెప్పారు. చూశాను, అదే వచ్చింది. 'ఇంకోసారి చూసుకో' అన్నారు. సరే, సార్‌కి తెలియదా అని కొట్టేశాను. ఆయన అటు వెళ్ళాక మనసొప్పక మళ్ళీ రాశాను."

"ఇంటికెళ్ళి చేసి చూడలేదూ?"

"ఏడుసార్లు చేశాను. ఐదుసార్లు సున్నా వచ్చింది. రెండుసార్లు ఇరవై మిగిలింది. ఆ ఇరవై ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియడం లేదు." ఆ పిల్ల సైకిలు గంటని బొటనవేలితో ఊరికే రుద్దుతోంది. "ఇదివరకు ఎప్పుడూ ఇలా రాలేదు ఆంటీ. నాకు లెక్కలొచ్చు అనుకునేదాన్ని."

ఇరవై. ఆ అంకె వినగానే నా కుడిచేతి వేళ్ళకి ఏదో గుర్తొచ్చింది. తలకి ఇంకా రాలేదు, వేళ్ళకే వచ్చింది. పెన్సిలుతో రెండు, పక్కన సున్నా, గట్టిగా ఒత్తి రాసిన గుర్తు.

"నువ్వు నాలుక్కి రా అమ్మా" అని చెప్పి పైకి పరిగెత్తాను. స్టూలు ఎక్కి అటక మీద నుంచి నా పెట్టె దించాను. నా డిగ్రీ కాగితాల కింద ఆ పొడుగు నోటుబుక్కు ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తియ్యలేదు. మొదటి పేజీలో 61 దగ్గర నూనె మరక, రెండో పేజీలో 127 మీద నీళ్ళు పడి అలుక్కుపోయింది. మూడో పేజీ ఆఖరి గీత కోసం వేలు పెట్టి దిగాను.

433. శేషం 20. టిక్కు.

నేను ఆ గీత దాటెయ్యలేదు. భాగించాను. ఎవరూ పిలవలేదు, నేను పరధ్యానంగానూ లేను. ఆ 20 కింద కాగితం పల్చబడి ఉంది, రబ్బరుతో గట్టిగా రుద్దినచోట. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ముందు రాసిన అంకె నీడలా కనిపించింది. ఒక్క సున్నా. ఎదురు పేజీలో చిత్తు లెక్కలు మూడున్నాయి. రెండింటి ఆఖరున సున్నా, ఆ రెండూ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. మూడో దాంట్లో, 433ని తొమ్మిదితో గుణించిన చోట 3897 ఉండాల్సింది 3877 ఉంది. తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు, ఏడు వేసి రెండు చేతిలో. మళ్ళీ తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. అక్కడ చేతిలో ఉన్న రెండు కలపలేదు. అందుకే ఇరవై మిగిలింది. ఆ అమ్మాయికి కూడా అక్కడే జారిపోయి ఉంటుంది. బెదిరినప్పుడు మనిషి చేతిలో ఉన్నదే మర్చిపోతుంది.

నోటుబుక్కు పట్టుకుని నేల మీదే కూర్చున్నాను. అప్పుడు తలకి కూడా గుర్తొచ్చింది. ఆరో రోజు మధ్యాహ్నం. తడిచేతులతోనే వెళ్ళి, "ఏమండీ, 433తో పోతోంది" అన్నాను. బోర్డు అప్పటికే రంగు వేసి గోడకి ఆనించి ఉంది. కరపత్రాలు అచ్చై వచ్చాయి. నేను పూర్తిచేస్తాననే నమ్మకంతో కాదు, నేను కాదని చెప్పనన్న నమ్మకంతో. ఆయన నన్ను తిట్టలేదు. తల మీద చెయ్యి పెట్టి, "అలిసిపోయావు, మళ్ళీ చూడు" అన్నారు. చూశాను. సున్నా. "ఇంకోసారి చూడు." మూడోసారి ఇరవై వచ్చింది. "ఇరవై మిగిలిందండీ!" అని మళ్ళీ పరిగెత్తాను. "నేను చెప్పలా?" అని ఆయన నవ్వితే నేనూ నవ్వాను. నేను తప్పు చేశానని తేలినందుకు నాకు పండగలా ఉంది. ఆ సాయంత్రమే పాలు కాచి, పొయ్యి కట్టేశానా లేదా అని మొదటిసారి వెనక్కి వెళ్ళి చూశానేమో. అది నిజంగా గుర్తో, ఇప్పుడు అల్లుకుంటున్నానో నాకు తెలియదు. ఆయనకి అప్పుడు తెలిసే అలా అన్నారా, నేను పొరబడ్డానని నిజంగానే నమ్మారా, అది కూడా తెలియదు. తెలియనివి చాలా ఉన్నాయి. 433 తొమ్మిదులు మాత్రం 3897.

లేచి వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాను. యాభై ఏడో పేపరు మీద ఆఖరి ప్రశ్నకి ఐదు వేశాను. దిద్దినవారి సంతకం అన్నచోట నా పేరు రాశాను. పూర్తి పేరు, డిగ్రీ కాగితం మీద ఉన్నట్టు. మిగతా పిల్లల మార్కులు తియ్యలేదు. మేము నేర్పిన తప్పునే వాళ్ళు రాశారు, అందులో వాళ్ళ దోషం ఏముంది? జాబితాలోంచి ఎవర్నీ కొట్టెయ్యలేదు కూడా. అరవై నాలుగు వచ్చిన పిల్లాడి కింద ఇంకో గీత గీసి నలభై ఒకటి చేశాను. నలభై ఒకటి ప్రధాన సంఖ్యే, ఈసారి అనుమానం లేదు.

అత్తగారికి టీ పెట్టి ఇచ్చి, వచ్చి కూర్చున్నాను. నాలుక్కి పది నిమిషాలు ఉందనగా మాష్టారు పెన్ను మూత తీసుకుంటూ వచ్చారు. జాబితా మీద వేలు పెట్టి చదువుకుంటూ దిగి, ఆగారు.

"నలభై కదా? యాభై ఏడు ఎందుకుంది ఇందులో?"

"అరవై ఆరు వచ్చాయి."

ఆయన నా వైపు చూశారు. కోప్పడలేదు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. "అలిసిపోయినట్టున్నావు. మళ్ళీ చూడు" అంటూ చెయ్యి నా తల వైపు చాచారు. నేను కుర్చీ వెనక్కి జరిపాను. ఆ చెయ్యి బల్ల మీద దిగింది.

"మళ్ళీ చూశాను. మళ్ళీ అదే వచ్చింది."

ఆ అమ్మాయి మాటే, మొదటి ముక్క తీసేసి అన్నాను. నోటుబుక్కు మూడో పేజీ తెరిచి ఆయన ముందుకి తోశాను.

"ఏంటిది?"

"మీ పదకొండు రోజులు."

ఆయన ఆ పల్చబడ్డ చోటుని వేలితో తడిమారు. తర్వాత, ఎవరూ అడగకుండానే, పెన్నుతో జాబితా అంచున భాగించడం మొదలుపెట్టారు. పిల్లలకి చెప్పినట్టే పైకి అంటూ చేశారు. తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు, ఏడు వేసి రెండు చేతిలో. తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడూ రెండూ ఇరవై తొమ్మిది. ఆయన మర్చిపోలేదు, కలిపారు. 3897 కింద 3897 వేశారు. కిందికి గీత గీసి శేషం రాయాలి. గీత గీయలేదు. పెన్ను అలాగే పట్టుకుని, "బోర్డు సంగతేంటి మరి?" అన్నారు. తెలియని ప్రశ్న వచ్చిన పిల్లాడి గొంతులా ఉంది. జాలేసింది, కోపమూ వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చి దేన్ని ముందు పట్టుకోవాలో తెలియలేదు.

"మీరే చూడండి" అన్నాను.

జాబితా తీసుకుని, రెండో చేత్తో గోడవారనున్న మడత కుర్చీ ఒకటి ఎత్తుకున్నాను. కింద నలభైయే ఉన్నాయి. కిటికీలోంచి సైకిలు గంట వినిపించింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి అత్తగారు సోఫాలోంచి కేకేశారు.

"అమ్మాయ్, టీ పెట్టావుగా, గ్యాస్ కట్టావా?"

ఒక్క క్షణం కాళ్ళు వంటింటి వైపే తిరిగాయి.

"కట్టాను అత్తయ్యా" అన్నాను. వెనక్కి వెళ్ళి చూడకుండా మెట్లు దిగాను.